సోకా, చికిత్సా? మన నిధి ముందున్న ప్రశ్న



మన సంఘం వైద్య సహాయ నిధికి పోయిన నెల ఒక విన్నపం వచ్చింది. ఒళ్ళు బాగా తగ్గిన ఒక ఆడకూతురు, కడుపు కింద వేలాడే తోలు తీయించుకోవడానికి సాయం అడిగింది. ఎవరు, ఏ ఊరు అన్నది ఇక్కడ రాయను. మీరూ అడగకండి. ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో పడిన రోజునుంచి జరుగుతున్న మాటలు చూసే ఇది రాస్తున్నాను. 'సోకుకు సంఘం దుడ్డా?' అన్నారు ఒకరు. 'సినిమాలో చేరబోతోందా?' అన్నారు ఇంకొకరు. దాని కింద వరుసగా నవ్వు బొమ్మలు. వచ్చే మహాసభలో దీని మీద తీర్మానం చేయాలి. విషయం తెలుసుకుని చేతులెత్తుదాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ తోలు వల్ల పుండ్లు, నొప్పి, నడక కష్టం ఉన్నాయని డాక్టరు రాసిస్తే నిధి సాయం చేయాలి. ఆకారం కోసం మాత్రమే అయితే నిధి ఇవ్వనక్కరలేదు, కానీ నవ్వే హక్కు మనకు లేదు. చేయించుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆమె నిర్ణయం. అది పెండ్లివారిదీ కాదు, సంఘానిదీ కాదు.

మొదట, ఆ తోలు ఎందుకు వేలాడుతుందో చూద్దాం. ఒళ్ళు లావెక్కినప్పుడు చర్మం ఏళ్ళ తరబడి సాగుతుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే నారలు తెగి బలం పోతాయి. ఆ తరువాత నలభై, యాభై కిలోలు తగ్గితే లోపలి కొవ్వు పోతుంది గానీ చర్మం వెనక్కి రాదు. పాత దిండు గలీబులో చిన్న దిండు పెట్టినట్లు ఉంటుంది. కడుపు కింద, చేతుల కింద, తొడల మధ్య, రొమ్ముల దగ్గర మడతలు పడతాయి. వ్యాయామం చేస్తే కండ పెరుగుతుంది, సాగిన తోలు మాత్రం ముడుచుకోదు. నూనె రాసినా, బెల్టు కట్టినా అంతే. 'ఇంకా కొంచెం నడువమ్మా, సరిపోతుంది' అని సలహా ఇచ్చే పెద్దలు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆమె నడిచింది కాబట్టే ఆ తోలు అలా ఉంది.

ఇక మన ఊళ్ళ ఎండ సంగతి మీకు చెప్పాలా? కోవిల్‌పట్టిలో, సాత్తూరులో, విరుదునగర్‌లో చిత్తిరై నెలలో సన్నగా ఉన్నవాళ్ళకే చెమట కాయలు వస్తాయి. అగ్గిపెట్టెల పనిలో పొద్దంతా కూర్చునే ఆడవాళ్ళను తలుచుకోండి. కడుపు మడత తొడల మీద పడి ఉంటుంది. లోపల తడి ఆరదు. తోలు తోలుతో ఒరుసుకుని ఎర్రబడుతుంది, తామర వస్తుంది, పుండు పడుతుంది, వాసన వస్తుంది. మందు రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్ళీ వస్తుంది. ఇది సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేని బాధ. బయటికి మాత్రం చీర కట్టు కింద ఏమీ కనపడదు. కనపడదు కాబట్టే మనం సోకు అంటున్నాం.

నేను డాక్టరును కాను, రైల్వేలో ఫైళ్ళు చూసిన గుమాస్తాను. కాగితంలో ఒక్క మాట మారితే ఫైలు గతే మారిపోతుందని మాత్రం నాకు తెలుసు. ఇక్కడా అదే కథ. కడుపు దగ్గర చేసే ఆపరేషన్లు రెండు రకాలు. ఒకటి పానిక్యులెక్టమీ. అంటే కింద వేలాడే తోలు, కొవ్వు మడతను కోసి తీసేయడం. రెండోది అబ్డామినోప్లాస్టీ. అందులో తోలు తీయడమే కాదు, వదులైన పొట్ట కండరాలను బిగించి, బొడ్డును కొత్త చోట కుదిర్చి ఆకారం తెస్తారు. మొదటిది ఎక్కువగా బాధ తీర్చడానికి, రెండోది ఎక్కువగా రూపానికి. మన గ్రూపులో ఈ రెంటినీ కలిపి 'కాస్మెటిక్' అనేశారు.

ఇన్సూరెన్సు వాళ్ళకు కూడా ఈ తేడా ముఖ్యం. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులకు ఒకే మాదిరి వాచకం నిర్ణయించింది. దాని ప్రకారం రూపం మార్చే సర్జరీకి పాలసీలో దుడ్డు రాదు. అయితే ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సరు తరువాత సరిచేయడానికి అయితే మినహాయింపు వర్తించదు. ఆరోగ్యానికి నేరుగా, వెంటనే ఉన్న ముప్పును తొలగించే అవసరమైన చికిత్స అని చూసే డాక్టరు ధ్రువీకరించినా వర్తించదు. కాబట్టి ఆపరేషనుకు పోయేవాళ్ళు ముందునుంచే కాగితాలు పోగుచేయాలి. పుండు వచ్చిన ప్రతిసారీ చూపించిన చీటీ, రాసిన మందు, ఫోటో, తేదీ అన్నీ ఉండాలి. ఇంట్లో పౌడరు చల్లుకుని ఊరుకుంటే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. ఇన్ని ఉన్నా కంపెనీ ఒప్పుకుంటుందని ఖాయం లేదు, కానీ ఇవి లేకుంటే అడగడానికే దారి లేదు.

ఈ తగువు మనకు మాత్రమే వచ్చింది కాదు. 2018లో చెన్నై స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో రొమ్ముల ఆకృతి సరిచేసే సర్జరీ పేదలకు ఉచితమని ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా ఇదే వాదన జరిగింది. ప్రాణం కాపాడే చికిత్సకు ఖర్చు చేయాల్సిన ప్రజల సొమ్ము అందానికా అని కొందరు నిపుణులు అడిగారు. పేదలకు మాత్రం ఇది ఎందుకు అందకూడదని అప్పటి ఆరోగ్య మంత్రి విజయభాస్కర్ ఎదురు అడిగారు. రెండు వైపులా న్యాయం ఉంది. నా మటుకు, 'పేదవాళ్ళకు సిగ్గు, బాధ ఉండవా?' అన్నదే గట్టి ప్రశ్న.

ఇంత చెప్పి, అందరూ చేయించుకోండి అని నేను అనడం లేదు. ఇది చిన్న కోత కాదు. కడుపు చుట్టూ చేస్తే మచ్చ నడుమంతా తిరుగుతుంది, చేతికి చేస్తే చంకనుంచి మోచేతి దాకా గీత ఉంటుంది. మచ్చ పాలిపోవడానికి ఏడాది పైనే పడుతుంది, మన రంగు ఒంటికి ఉబ్బి నిలిచిపోవడమూ ఉంది. కుట్లు విడిపోవడం, లోపల నీరు చేరడం, చీము పట్టడం జరుగుతుంటాయి. అరుదే అయినా, కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి పోతే ప్రాణానికే ముప్పు. ఆరు వారాల దాకా బరువు ఎత్తరాదు. అంటే నీళ్ళ బిందె, బియ్యం మూట, చంటిబిడ్డ ఏదీ ఎత్తకూడదు. ఆ ఆరు వారాలు ఇంట్లో ఎవరు చేస్తారు? ఆపరేషను ఖర్చు కంటే ముందు ఈ లెక్క వేయాలి.

కొవ్వు పీల్చే లైపోసక్షన్‌ను చాలామంది దీనితో కలిపేస్తున్నారు. అది బరువు తగ్గించే చికిత్స కాదు. వేలాడే తోలుకూ మందు కాదు, లోపలి కొవ్వు పోతే తోలు ఇంకా వదులవుతుంది. 'నువ్వు నాకు నచ్చావ్' నాయిక ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్ళకే పోయినప్పుడు, కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని, ఊపిరి కష్టంతో బాధపడిందని పత్రికలు రాశాయి. ఆ ఆపరేషనే కారణమని తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ లావు అయిందని ఒక ఆడపిల్లను ఊరంతా వేళాకోళం చేయడంలో మన పాలు ఎంత అన్నది మనమే అడుగుకోవాలి. అదే ఏడు అనుష్క నిజంగానే బరువు పెరిగి 'సైజ్ జీరో' చేసింది. తమిళంలో అదే 'ఇంజి ఇడుప్పళగి'. త్వరగా సన్నబడే మోజు మీద తీసిన ఆ సినిమా రెండు భాషల్లోనూ పెద్దగా ఆడలేదు. జనానికి ఆ మాట రుచించలేదేమో.

చేయించుకోవాలని అనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. బరువు ఇంకా తగ్గుతుంటే ఆగండి. బరువు తగ్గించే సర్జరీ అయినవాళ్ళకు సాధారణంగా 12 నుంచి 18 నెలల దాకా తగ్గుతూనే ఉంటుంది. ఆ తరువాత కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఒకే బరువు మీద నిలవాలంటారు డాక్టర్లు. రక్తం, ఇనుము, బీ12, మాంసకృత్తులు చూపించుకోండి, అవి తక్కువైతే గాయం మానదు. పొగ తాగే మగవాళ్ళు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. బిడ్డల్ని కనాలనుకునేవాళ్ళు కాన్పులు అయ్యాక కడుపు సంగతి చూసుకోవడం మేలు, లేకుంటే తోలు మళ్ళీ సాగుతుంది.

డాక్టరు బోర్డు కూడా చదవండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ ఉండాలి. 'కాస్మెటిక్ సెంటర్' అన్న లైటు బోర్డు చదువు కాదు. మదురై రాజాజీ ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, మొదట అక్కడ ఒక చీటీ వేయించుకుని అడగండి. విరుదునగర్‌లోనే 2022నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, పుండ్లకు అక్కడ చూపించి కాగితం తెచ్చుకోవచ్చు. బెంగుళూరులో చవక అని పోయి, కుట్టు విడిపోతే రాత్రి రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చునే గతి తెచ్చుకోకండి.

తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగానే చెబుతాను. ముహూర్తం పెట్టుకుని పిల్లను కత్తి కిందికి పంపకండి. పెండ్లికొడుకు తల్లి అడిగిందని, వచ్చే తైలోపల కావాలని తొందరపడితే, మానని గాయంతో పిల్ల పెండ్లిపీట మీద కూర్చుంటుంది. నగ తాకట్టు పెట్టి చేయించి, తరువాత ఆ దుడ్డు పేరు చెప్పి దెప్పడం ఇంకా పాపం. పిల్ల తనకు తానుగా, 'నాకు పుండు పోవాలి, నేను తేలికగా నడవాలి' అన్నా సరే, 'అద్దంలో నన్ను నేను చూసుకోవాలి' అన్నా సరే, అది ఆమె మాట. ఆ మాట రాకుంటే ఆపరేషను వద్దు. వద్దు అన్న పిల్లను కూడా అలాగే ఉండనివ్వండి. అంత బరువు తగ్గించుకున్న మనిషి తోలు వేలాడుతూ ఉన్నా గెలిచిన మనిషే.

నిధి చిన్నది, డయాలసిస్‌కూ గుండెకూ ఇవ్వాలి కదా అనే మిత్రుల ప్రశ్న న్యాయమైనది. వాళ్ళదే ముందు వరుస, ఆ వరుస మారనక్కరలేదు. మహాసభకు నా ప్రతిపాదన మూడు మాటలు. ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు వైద్య అవసరమని రాసిస్తే ఇలాంటి విన్నపాన్ని మిగతా వాటితో సమానంగా తీసుకోవాలి. రెండు, రూపం కోసం మాత్రమే అయితే నిధినుంచి కాకుండా, కావాలనుకునే సభ్యులు చేబదులు ఇచ్చుకోవచ్చు. మూడు, ఎవరి వైద్య విన్నపమూ ఇకపై వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురు చూస్తే చాలు.

మొదటి రెండింటి మీద మీరు నాతో వాదించండి, సంతోషంగా వింటాను. మూడోది మాత్రం ఈసారే నెగ్గాలి. సాయం అడిగితే పదిమంది నవ్వుతారని తెలిస్తే, రేపు రొమ్ములో గడ్డ కనపడిన అక్కయ్య కూడా మన దగ్గరికి రాదు.