సంతకానికి ముందు

"అమ్మాయికి పసుపు కుంకుమ కింద ఇవ్వవలసింది ఇచ్చేశాం కదా, ఇంకా వాటా ఏమిటి?"

మా చిత్తూరు సీమలో ఈ మాట వినని ఇల్లు అరుదు. అనేవారందరూ దుర్మార్గులు కారు. పెద్దలు అనగా విన్నదే వారూ అంటున్నారు. కానీ పెళ్ళిలో పెట్టిన బంగారం ఆస్తిలో వాటాకు బదులని ఏ శాసనమూ చెప్పలేదు. ఇక కట్నమంటారా, అది ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 నుంచి నేరమే.

హిందూ కుటుంబాల విషయమే చూద్దాం. తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే కూతురికీ కొడుకుతో సమానమైన వాటా ఉన్నదని 1956 నాటి వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు మగబిడ్డకే మిగిలింది. ఆ తేడాను చెరిపివేసిన తొలి రాష్ట్రాల్లో మనది ముఖ్యమైనది. 1983లో తిరుపతి నుంచి శాసనసభకు ఎన్నికైన నందమూరి తారక రామారావు ప్రభుత్వ కాలంలో, 1986 నాటి 13వ చట్టం ఆడపిల్లను కూడా పుట్టుకతోనే భాగస్వామిని చేసింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. నగరి దాటితే వచ్చే తమిళనాడులో ఇటువంటి చట్టం 1989లో, పలమనేరు దాటితే వచ్చే కర్ణాటకలో 1994లో వచ్చింది.

మన చట్టంలో ఒక లోటుండేది. అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఆనాటికి తండ్రి బ్రతికి ఉండాలా అన్న సందేహాన్ని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చింది: ఉండనక్కరలేదు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన భాగపరిష్కారాలను ఈ సవరణ కదిలించదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే ఆడపడుచులకు వాటా ఎందుకు అందడం లేదు? నా మట్టుకు, అది చేజారేది కోర్టులో కాదు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో. తిరుపతి చుట్టుపట్ల నిన్నటి మెట్టచేలు నేడు ఇళ్ళస్థలాలయ్యాయి. కొనేవాడు అక్కచెల్లెళ్ళ సంతకాలు కూడా కావాలంటాడు. అప్పుడు పుట్టింటి నుంచి కబురొస్తుంది. "ఇక్కడొక సంతకం పెట్టమ్మా" అంటారు. దస్తావేజు లేఖరి భాషలో ఉన్న ఆ కాగితం హక్కు విడుదల పత్రమని చాలామందికి ఇంటికి వెళ్ళాక కూడా తెలియదు. మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నారని తరువాత దావా వేయవచ్చు. కానీ రుజువు చేసుకోవలసిన భారం ఆమెదే. సంగతి తెలిసిన మూడేళ్ళలోగా వేయాలి. చదవకుండా సంతకం చేశానన్న ఒక్క మాట అక్కడ నిలవడం కష్టం.

వాటా వదులుకోవడం తప్పని నేననను. తోబుట్టువు కష్టం చూసి, పుట్టింటి రాకపోకలు నిలవాలని వదులుకునేవారున్నారు. అది వారి ఇష్టం, వారి ఔదార్యం. కానీ తనకున్నదేమిటో తెలిసి ఇస్తేనే అది దానమవుతుంది. తెలియనివ్వకుండా తీసుకున్నదానికి ప్రేమ అని పేరు పెట్టడం అన్యాయం.

కాబట్టి సలహా సంతకానికి ముందే కావాలి. డబ్బు లేదని వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, న్యాయసహాయం ఉచితం. వకీలు ఫీజు, కోర్టు ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలోగాని, తిరుపతి కోర్టుల వద్ద మండల న్యాయసేవా కమిటీలోగాని అడగవచ్చు. అంతదూరం వెళ్ళలేనివారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. అన్నదమ్ములతో కోర్టుకెక్కడం ఇష్టంలేనివారికి లోక్ అదాలత్ ఉంది. అక్కడ రాజీగా కుదిరినదానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు.

వెళ్ళేముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. ఆ భూమి పిత్రార్జితమా, తండ్రి స్వార్జితమా? వీలునామా ఉన్నదా? దస్తావేజులో ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం రాశారు? మీకు ముట్టిందని రాసిన సొమ్ము నిజంగా ముట్టిందా? ఈసీ నకలు తీయిస్తే ఆ భూమిపై అంతకుముందు రిజిస్టరైన లావాదేవీలు బయటపడతాయి.

ఈ మాటలు అన్నదమ్ములకూ వర్తిస్తాయి. చెల్లెలికి చదివి వినిపించి, ఆమె వకీలుతో మాట్లాడుకునేందుకు వారం రోజులు గడువిచ్చి తీసుకున్న సంతకం రేపు మీ పిల్లలను కోర్టు మెట్లెక్కకుండా కాపాడుతుంది. ఆ వారం కూడా ఇవ్వలేమని తొందరపెడుతున్నారంటే, ఆ కాగితాన్ని మరింత జాగ్రత్తగా చదవవలసిందే.