లెగసీ సపోర్టు ఆఫీసుకేనా?

ఆఫీసులో ముప్ఫై ఏళ్ళ కిందటి కోబాల్ ప్రోగ్రాము ముట్టుకోవాలంటే మనకి భయం. దానికో టీము, రెండు షిఫ్టులు, 'లెగసీ సపోర్టు' అని మర్యాదైన పేరూనూ. అంతకన్నా పాత కాలిక్యులేటర్ ఇంట్లో పగిలితే మాత్రం "పారేసి కొత్తది కొను" అంటాం. మొన్న మదనపల్లె వెళ్ళినప్పుడు నేనూ అదే అన్నాను.

మా నాయన టమోటా మండీలో లెక్కలు రాసేవాడు. ఎనభైల నాటి కాలిక్యులేటర్ ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. మావాడు దాన్ని కింద పడేశాడు. తెర పగిలి నల్లటి మచ్చ సిరాలాగా పాకింది. నాయన ఏమీ అనలేదు. సాయంత్రం చిత్తుకాగితం మీద కూడికలు వేసుకుంటుంటే చూసి నాకే అదోలా అయింది.

ఊళ్ళో రెండు షాపుల్లో "దీనికి పార్టు రాదన్నా" అనేశారు. పుంగనూరులో వాచీలు బాగుచేసే పెద్దాయన మాత్రం స్క్రూలు విప్పి చూసి, "బోర్డు బాగుంది సామీ, అద్దమే పోయింది. ఇదే మోడల్, చెడిపోయింది ఇంకోటి తీసుకురా" అన్నాడు. నిజమే, ఎల్‌సీడీ గ్లాసు ఏది పడితే అది సరిపోదు. అంకెల గీతలు, అంచున కనెక్షన్లు మోడల్‌ని బట్టి మారిపోతాయి.

అలాంటిది కుప్పంలో మా అత్త ఇంట్లో దొరికింది. బ్యాటరీ కారి బోర్డు పాడైంది గానీ తెర శుభ్రంగా ఉంది. (2002లో హెచ్‌పీ కంపెనీ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు పెట్టిన కుప్పమే. 1972లో జేబులో పట్టే మొదటి సైంటిఫిక్ కాలిక్యులేటర్ హెచ్‌పీ-35 తెచ్చిందీ వాళ్ళే. దాంట్లో ఎర్రటి ఎల్ఈడీ అంకెలు, బ్యాటరీని తెగ తాగేవి. ఎల్‌సీడీలు రావడానికి అదీ ఒక కారణం.)

ఇక రిపేరు. గ్లాసుకీ బోర్డుకీ మధ్య సోల్డరింగ్ లేదు, ఓ సన్నటి రబ్బరు పట్టీ అంతే. జీబ్రా స్ట్రిప్ అంటారు. కరెంటు పారే పొర, పారని పొర ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పెద్దాయన దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గ్లాసు మార్చి బిగించాడు. మొదటిసారి ఒక అంకెలో గీతలు రాలేదు. మళ్ళీ విప్పి, సరిగ్గా కూర్చోబెట్టి, అన్నీ 8లు కొట్టి చూపించాడు. నడిమి గీత ఒక్కటి రాకపోతే 8 కాస్తా 0 అవుతుంది. మండీ లెక్కలో అది ఎవరో ఒక రైతు డబ్బు. మనం టెస్టింగ్ అనేది ఇదే కదా!

కూలి ఎనభై రూపాయలు. కొత్తది రెండొందల యాభై. కుప్పం బస్సు ఛార్జీలు కలిపితే నాకు నష్టమే, ఒప్పుకుంటాను. కానీ క్లయింటు పాత ప్రోగ్రాముకి మనం ఇదే లెక్క వేస్తున్నామా? అలవాటు పడిన చేతులకీ ఓ విలువ ఉంటుంది.

2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. మంచిదే. కానీ ఆగిపోయిన మోడల్ గ్లాసు పోర్టల్లో దొరకదు, మన అత్తల డ్రాయర్లలో దొరుకుతుంది. అందుకే చెడిపోయినవి చెత్తలో వెయ్యకండి. మీ ఊళ్ళో రిపేరు చేసేవాళ్ళకి ఇవ్వండి. వాళ్ళూ, ఆ పార్టులూ ఉన్నంతకాలమే ఈ లెగసీకి సపోర్టు.

ఇంతకీ మీ డ్రాయర్లో ఏముంది?