రేషన్ బియ్యం తీరాక మిగతా నెలకు ఏదీ ఆధారం?
ఊరూరా ధాన్యపు కొట్లు వెలిస్తేనే కరువుకు అడ్డుకట్ట - జహీరాబాదు మహిళల అనుభవం కదిరి పల్లెలకు పాఠం

కదిరి: వాన మొహం చాటేసిన ఏడు కదిరి, తలుపుల, నంబులపూలకుంట, గాండ్లపెంట, నల్లచెరువు, తనకల్లు మండలాల్లో ఏమి జరుగుతుందో ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు. చెనక్కాయ చేను ఊడలు దిగక ముందే వాడిపోతుంది. మేత లేక ఎద్దులు సంతకు పోతాయి. కాలూ చెయ్యీ ఆడేవాళ్లు బెంగళూరుకో కేరళకో బస్సెక్కుతారు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఊళ్లో మిగులుతారు. ఆ మిగిలిన వాళ్ల పొయ్యి మీద ఏమి ఉడుకుతుందన్నదే అసలు ప్రశ్న.

చౌక దుకాణం ఉంది కదా, బియ్యం ఉచితమే కదా అని అనేవాళ్లున్నారు. ఆ మాట నిజమే. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డులో పేరున్న మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు ఇవ్వాలి. 2023 జనవరి నుంచి ఈ చట్టం కింది ధాన్యానికి డబ్బు కట్టే పని కూడా లేకుండా పోయింది. అయితే లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి 20 కిలోలు వస్తాయి. ఒళ్లు వంచి పనిచేసే పెద్దలకు రోజుకు చెరి అరకిలో, పిల్లలకు చెరి పావుకిలో చొప్పున చూసినా రోజుకు కిలోన్నర కావాలి. ఇరవై కిలోలు పదమూడు రోజులకే అయిపోతాయి. మిగతా పదిహేడు రోజులకు అంగడి మీద ఆధారపడాలి. కూలి దొరికిన నెలలో అది భారం కాదు. దొరకని నెలలోనే చిక్కంతా వస్తుంది.

ఆ నెలలు ఏవో కూడా అందరికీ తెలిసినవే. ముంగారు వానలు పడి విత్తనం వేసినప్పటి నుంచి కాయ పీకే దాకా, అంటే జూన్ నుంచి అక్టోబరు వరకు, చేతిలోని డబ్బు విత్తనానికి, ఎరువుకు, సేద్యానికి పోతుంది. రాబడి ఉండదు. పంట పండిన ఏడే ఈ నాలుగైదు నెలలు ఇరుకుగా గడుస్తాయి. పంట పోయిన ఏడు ఆ ఇరుకు మళ్లీ వచ్చే ముంగారు దాకా సాగుతుంది.

గంజి కేంద్రాల నుంచి ఉచిత బియ్యం దాకా

ఈ సీమకు ఆకలి కొత్త కాదు, సాయమూ కొత్త కాదు. 1876లో మొదలై 1878 వరకు సాగిన ధాత కరువును పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. ఆనాడు కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని తెల్లదొరలు 1877లో లెక్క కట్టారు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ కొలత చాలదని ఆ రోజుల్లోనే గొడవ లేచింది. 1952 కరువులో రాయలసీమ పల్లెల్లో ప్రభుత్వం గంజి కేంద్రాలు పెట్టింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. సంగటి, కొర్రన్నం తినే ఇళ్లలో వరి అన్నం రోజువారీ తిండి అయింది ఆ తర్వాతనే. ఉపాధి హామీ పనులను దేశమంతటికీ ప్రారంభించింది కూడా ఈ గడ్డ మీదనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని మొదలుపెట్టారు.

వీటి వల్ల జరిగిన మేలును కాదనే వాళ్లు లేరు. గంజి కేంద్రాల నాటి ఆకలికీ ఈనాటి ఆకలికీ పోలిక లేదు. కానీ వీటన్నిటిలో ఒక సంగతి మారలేదు. ధాన్యం ఎప్పుడూ బయటి నుంచే రావాలి. ఎంత రావాలో, ఎప్పుడు రావాలో, ఎవరికి రావాలో బయటివాళ్లే తేల్చాలి. కార్డులో పేరు ఎక్కని కోడలు, పుట్టిన బిడ్డ, వేలిముద్ర అరిగిపోయిన ముసలమ్మ ఈ లెక్కలో జారిపోయే ప్రమాదం ఎక్కువ. 2021 ఫిబ్రవరిలో ఇంటింటికీ బండ్లు వచ్చాయి. 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాలు వచ్చాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు ఇంటికే ఇచ్చే ఏర్పాటు చేశారు. పద్ధతి మారినప్పుడల్లా ఊరు సర్దుకోవడమే గాని, ఊరిని అడిగి పద్ధతి పెట్టింది లేదు.

చేను మారింది, గరిసె ఖాళీ అయింది

పూర్వం కరువు వస్తుందని తెలిసే రైతు జాగ్రత్త పడేవాడు. కొర్ర, రాగి, జొన్న, సజ్జ, ఆరిక పండించి గరిసెలో పోసేవాడు, పాతరలో పూడ్చేవాడు. రాగులు సరిగా ఎండబెట్టి దాచితే ఏళ్ల తరబడి పురుగు పట్టవు. ఒక మంచి ఏటి పంట తర్వాతి చెడ్డ ఏటికి అక్కరకు వచ్చేది.

చెనక్కాయ వచ్చాక ఈ ఏర్పాటు తలకిందులైంది. ఎర్రనేలకు, తక్కువ వానకు ఒదిగే పంట అది. నూనె గింజకు ధర ఉన్న రోజుల్లో రూపాయి కళ్లజూపింది. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి 6, కదిరి లేపాక్షి వంటి రకాలకు రాష్ట్రం దాటి పేరు వచ్చింది. ఆ రూపాయిని తప్పు పట్టవలసిన పని లేదు. అయితే చెనక్కాయ ఇంట్లో దాచుకొని తినే గింజ కాదు, అమ్ముకునే సరుకు. పంట బాగా వస్తే అందరికీ ఒకేసారి వస్తుంది, ధర పడిపోతుంది. పోతే అందరికీ ఒకేసారి పోతుంది, అప్పు మిగులుతుంది. గరిసెలో గింజ మాత్రం ఏ ఏడూ ఉండదు.

తిండిలో బలం తగ్గడం ఇంకొక నష్టం. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లగా మరపట్టిన బియ్యంలో దానిలో పదో వంతు కూడా ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. కడుపు నిండినా ఒళ్లు నిండలేదని ఈ లెక్కలు చెబుతున్నాయి.

జహీరాబాదులో ఆడవాళ్లు చేసిన పని

ఇటువంటి చిక్కే మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోనూ ఉండేది. ఇప్పుడది తెలంగాణలో సంగారెడ్డి జిల్లా. అక్కడ 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పల్లెల్లోని పేద మహిళలు, ఎక్కువగా దళిత మహిళలు, సంఘాలు పెట్టుకున్నారు. 1990ల నడుమ ముప్పైకి పైగా గ్రామాల్లో ఈ సంఘాలు తమ సొంత ధాన్య నిధిని నడిపి చూపించాయి.

వారు మొదట చేసింది ధాన్యం పంచడం కాదు. రైతులు పెట్టుబడి లేక బీడు పెట్టిన రెండున్నర వేల ఎకరాలకు పైగా భూమిని సాగులోకి తెచ్చారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి కావలసిన డబ్బును రైతుకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును రైతు రూపాయల్లో తీర్చనక్కర లేదు. అయిదేళ్ల పాటు కొంత కొంత జొన్న ఊరి నిధికి కొలిస్తే చాలు. ఆ జొన్నను వేపాకు, బూడిద కలిపి ఊళ్లోనే నిల్వ చేశారు. ఇబ్బంది నెలలు రాగానే పేద ఇళ్లకు అంగడి కంటే తక్కువ ధరకు అమ్మారు. అమ్మగా వచ్చిన డబ్బును మళ్లీ సాగుకు పెట్టారు.

ఎవరు పేదలన్నది కూడా ఆఫీసులో తేల్చలేదు. ఊరందరి ఎదుట నేల మీద ఇళ్ల పటం గీసి, ఏ ఇంట్లో ఏ మేరకు లేమి ఉందో ఊరివాళ్లే చెప్పి గుర్తులు పెట్టారు. అందరికీ కనిపించే చోట చేసిన లెక్క కనుక ఉన్నవాడు లేనివాడిగా పేరు రాయించుకోవడం కష్టమైంది. పని, మేత, గింజ మూడూ ఊళ్లోనే దొరికాయి. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది.

పట్నాలలో ఆహార బ్యాంకు అనే మాట వేరే అర్థంలో వాడుతున్నారు. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 1967లో మొదటి ఆహార బ్యాంకు పుట్టింది. దుకాణాల్లో మిగిలిపోయిన తిండి సరుకులు పోగు చేసి లేనివాళ్లకు చేర్చడం దాని పని. మన నగరాల్లో పెళ్లిళ్లలో మిగిలిన భోజనాన్ని చేరవేసే యువకులు కూడా ఆ దారిలోనే ఉన్నారు. మంచి పనే. కాని మిగులు ఉన్న చోటనే అది నడుస్తుంది. తలుపుల, తనకల్లు పల్లెల్లో పంచడానికి మిగులు ఎక్కడిది? ఇక్కడ ముందు పండించాలి, తర్వాత దాచాలి, ఆ తర్వాతే పంచాలి.

సర్కారు ధాన్య బ్యాంకులు ఎందుకు నాటుకోలేదు?

కేంద్ర ప్రభుత్వం కూడా 1996-97లో గ్రామ ధాన్య బ్యాంకుల పథకం తెచ్చింది. మొదట గిరిజన ప్రాంతాలకు ఉద్దేశించిన ఈ పథకాన్ని 2004లో ఆహార శాఖకు మార్చారు. సుమారు 40 పేద కుటుంబాలకు ఒక బ్యాంకు, కుటుంబానికి ఒక క్వింటాలు ధాన్యం అప్పు, పంట రాగానే కొద్ది వడ్డీతో ధాన్యంగానే తిరిగి జమ అన్నది ఏర్పాటు. వడ్డీ ఎంతో ఆ సంఘమే తేల్చుకోవచ్చు. క్వింటాలుకు 10 కిలోలు వడ్డీ పెట్టుకున్నారనుకుంటే 40 క్వింటాళ్ల కొట్టు మరుసటి ఏడుకు 44 అవుతుంది. వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని తప్పుతుంది.

లెక్క బాగానే ఉంది. లోపం రెండు చోట్ల ఉంది. తొలి నిల్వ ప్రభుత్వ గిడ్డంగి నుంచి వచ్చేది. ఊరి చేనుకు దానితో సంబంధం లేదు. చెనక్కాయ మాత్రమే పండే ఊళ్లో తీసుకున్న ధాన్యాన్ని ధాన్యంగా తిరిగి కొలవాలంటే అంగడిలో కొని తేవలసిందే. రెండవది ఇంకా పెద్దది. కరువు ఒక ఇంటికి రాదు, ఊరంతటికీ వస్తుంది. ఆ ఏడు నలభై ఇళ్లూ ఒకేసారి అప్పు అడుగుతాయి, నలభై ఇళ్లూ ఒకేసారి తిరిగి ఇవ్వలేవు. ఒక్క ఊరి కొట్టు ఒక్క కరువుతో అడుగంటుతుంది. వరుసగా రెండేళ్లు వాన తప్పడం ఈ ప్రాంతంలో వింత కాదు.

కనుక కదిరి నేలకు ఒక్కో ఊరి కొట్టు చాలదు. పది ఇరవై ఊళ్ల కొట్లు ఒక జట్టుగా ఉండాలి. మన వానలు చెరువు ఈ గట్టున పడి ఆ గట్టున పడని వానలు. ఒక మండలంలో పోయిన పంట పక్క మండలంలో ఎంతో కొంత నిలబడే వీలుంది. నిండిన కొట్టు ఎండిన కొట్టుకు అప్పు ఇవ్వగలగాలి. అన్ని ఊళ్లూ ఎండిన ఏడు మాత్రం ప్రభుత్వ గిడ్డంగి నుంచి జట్టుకు ధాన్యం అందాలి. మంచి ఏట జట్టు దానిని తీర్చాలి. అప్పుడే అది నిజమైన బ్యాంకు అవుతుంది, లేకుంటే ఒకసారి పంచిపెట్టి మూసేసే మూట అవుతుంది.

కదిరిలో ఏమి కావాలి?

జహీరాబాదు పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ దించితే కుదరదు. అక్కడ వాన ఎక్కువ, సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే ఈ ప్రాంతంలో జొన్న కంటే కొర్ర, సజ్జ, వాన అదనుంటే రాగి మేలు. చెనక్కాయ మానమని రైతుకు చెప్పనక్కర లేదు. అయిదెకరాల్లో ఎకరం తిండి గింజకు, మేతకు వదిలినా ఇల్లు నిలుస్తుంది, ఎద్దు నిలుస్తుంది.

దానికి ఆసరా జిల్లాలోనే ఉంది. చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆ ప్రాంత రైతులతో చిరుధాన్యాలు పండిస్తోంది. 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతుల పంటను కొని శుద్ధి చేసి అమ్ముతోంది. కొర్ర దంచే ఓపిక ఈ తరం ఆడవాళ్లకు లేదన్నది నిజం. ఊరికి కాకున్నా నాలుగు ఊళ్లకు ఒక కొర్ర మిల్లు ఉంటే ఆ సాకు పోతుంది.

ధర సంగతి కూడా చూడాలి. 2025-26కు కేంద్రం రాగులకు క్వింటాలుకు 4,886 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. కొర్రలకు ఆ జాబితాలో చోటే లేదు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నా కొర్ర వేసిన రైతుకు కొనే దిక్కు ఏర్పడలేదు. ఊరి కొట్టే ఆ కొనుగోలుదారు అయితే రైతుకు ధర, కూలికి గింజ రెండూ దక్కుతాయి. హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు కావలసిన రాగులను, కొర్రలను ఈ కొట్ల నుంచే కొంటే వాటికి నిలకడగా గిరాకీ ఉంటుంది.

తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది చివరి మాట గాని చిన్న మాట కాదు. పార్టీ నాయకుడి ఇంట్లో కొట్టు ఉంటే ఆ కొట్టు ఆ పార్టీ వాళ్లదే అవుతుంది. పొదుపు సంఘాల మహిళలు రూపాయి అప్పులను ఏళ్ల తరబడి లెక్క తప్పకుండా నడుపుతున్నారు. గింజ అప్పు వారికి కష్టం కాదు. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత పోయింది అన్నది నెలనెలా గోడ మీద రాయాలి. పంటకు తీర్చలేని ముసలివాళ్లకు, ఒంటరి స్త్రీలకు అప్పుగా కాక ఊరి వంతుగానే కొలవాలి.

రేషన్ బియ్యం వద్దని ఎవరూ అనరు. అది నెలలో సగానికి ఆధారం. మిగతా సగానికి ఊరు తన ఆధారం తాను చూసుకోవాలి, ప్రభుత్వం ఆ ప్రయత్నానికి దన్నుగా నిలవాలి. వచ్చే ముంగారు నాటికి కదిరి డివిజన్‌లో పది ఊళ్లనైనా ఎంచి, విత్తనం, కొట్టుకు గది, మిల్లు సమకూర్చి ఈ పద్ధతిని పరీక్షించి చూడడం జిల్లా యంత్రాంగానికి మోయలేని ఖర్చు కాదు. వాన తప్పిన తర్వాత బియ్యం లారీ కోసం ఎదురు చూడడం కంటే, వాన ఉన్న ఏడే గింజ దాచుకోవడం మేలని మన పాతరలు ఏనాడో చెప్పాయి.