ద్రాక్షదైతే వారసత్వం, ఇప్పదైతే కేసా?



ఆదిలాబాద్, మంచిర్యాల, కరీంనగర్... ఎక్కడ చూసినా ‘వైన్స్’ అని బోర్డు ఉంటది. లోపల అమ్మేది ఎక్కువ విస్కీ, బీరే. అసలు వైన్ అంటే ద్రాక్షను పులియబెట్టి చేసేది. ఎర్ర వైన్‌కు నల్ల ద్రాక్షను తొక్కతోనే పులియబెడతరు, ఆ రంగు తొక్కది. ఫ్రాన్స్‌ల, ఇటలీల కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఒక్క తోటనే నమ్ముకొని, కొంచెమే చేసినా మంచిగ చేస్తయి. షాంపేన్ అనే పేరు ఆ ప్రాంతపోళ్లు తప్ప ఐరోపాల ఇంకెవ్వలు పెట్టుకోవద్దని చట్టమే ఉన్నది. లోకం దాన్ని సంస్కృతి అంటది.

మరి మన ఇప్ప? మార్చి, ఏప్రిల్‌ల తెల్లారకముందే మన అవ్వలు గంప పట్టుకొని చెట్టు కిందికి పోతరు. రాలిన పువ్వు ఏరి ఎండబెడతరు. పేన్ పూజ కాడ, పెండ్లి కాడ, చావు కాడ ఇప్ప సారాకు స్థానం ఉన్నది. ఇది కూడా కుటుంబం చేసేదే, తరతరాలదే. కానీ మన కాడ దాని పేరు ‘నాటుసారా కేసు’.

ఇది ఇయ్యాల్టి ముచ్చట కాదు. 1892ల బ్రిటిషోళ్లు బొంబాయి ప్రెసిడెన్సీల ఇప్పపువ్వు ఏరుడు, దాచుడు మీదనే చట్టం తెచ్చిన్రు. అడవి బిడ్డ సొంతంగ చేసుకుంటే ఆబ్కారీ పైసలు ఎట్ల వస్తయి మరి?

ఇప్పుడు చూడుండ్రి. 2021ల మధ్యప్రదేశ్ సర్కారు ఇప్ప సారాను ‘హెరిటేజ్ లిక్కర్’ చేస్తమన్నది. మహారాష్ట్ర దహానులోని కుటుంబ కంపెనీ సౌత్ సీస్ డిస్టిలరీస్ 2024ల ‘సిక్స్ బ్రదర్స్ మహురా’ అని ఇప్ప మద్యం తెచ్చింది. ఆ కంపెనీ తోని నాకు పంచాయితీ లేదు. నా కోపం అంతా ఈ రెండు నాల్కల న్యాయం మీదనే. అదే పువ్వు సీసాల పడితే వారసత్వం, మన కుండల పడితే నేరం.

‘తాగుడును పొగుడుతున్నవా?’ అని కొందరు అడుగుతరు. కాదు. తాగుడు ఎన్ని గూడేలల్ల ఎన్ని ఇండ్లు కూల్చిందో మనకు ఎరుకే. నల్లబెల్లం, పటిక వేసిన గుడుంబాను ఇప్ప సారా అని అమ్మేటోళ్లను, బెల్టు షాపులను మనమే ఆపాలె. కానీ ఎవరు నిర్ణయించాలె? మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, నియంత్రించే అధికారం, చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని 1996 పెసా చట్టమే చెప్పింది. బెల్టు షాపును బంద్ చెయ్యాలన్నా, పూజకు ఎంత సారా అన్నది తేల్చాలన్నా గ్రామసభలనే తేలాలె.

మన డిమాండ్లు మూడే. పూజకు, కార్యానికి చేసుకునే ఇప్ప సారా మీద కేసులు పెట్టొద్దు. ఎండిన పువ్వుకు కేంద్రం మద్దతు ధరను 2020ల కిలోకు 17 నుంచి 30 రూపాయలు చేసింది. మద్దతు ధర కాగితం మీద కాదు, అంగట్ల అవ్వ చేతికి రావాలె. రేపు ఎవరన్న మన పువ్వుతోని సీసా చేస్తే దాని మీద మన ప్రాంతం పేరు ఉండాలె, లాభంల మన మహిళా సంఘాలకు వాటా ఉండాలె. ఉట్నూర్‌ల మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు కదా, సంఘం నడిపే సత్తా మనకు లేదని ఎవలంటరు?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు గ్రామసభల ఈ తీర్మానం పెట్టించుండ్రి. కుమ్రం భీం ‘జంగల్’ అన్నప్పుడు అందుల ఇప్పచెట్టు కూడా ఉన్నది.

జై ఆదివాసీ! జై జంగుబాయి!