వరంగల్ రవాణా హద్దును కొత్త జనగణనతో తిరిగి గీయాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల పంచాయతీ సభ్యులకు, రైతులకు, కార్మికులకు, విద్యార్థులకు మనవి. 2011 తర్వాత ఇన్నాళ్లకు దేశంలో మళ్లీ జనగణన జరుగుతోంది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్న ఈ లెక్కలో మన నగరం ఇప్పుడున్న రూపంతో మొదటిసారి నమోదు కాబోతోంది. 42 గ్రామాలు నగరపాలక సంస్థలో కలిసింది 2013లో, అంటే గత జనగణన ముగిసిన రెండేళ్లకు. ఆ తర్వాత నగర పరిధి నాలుగు వందల చదరపు కిలోమీటర్లు దాటింది. 2015లో గ్రేటర్ హోదా వచ్చింది, 2016లో పాత జిల్లా అయిదు ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది. ఇంత జరిగినా ఢిల్లీ లెక్కల్లో మన పేరు ఎదురుగా ఉన్న అంకె పాతదే. కొత్త అంకె రాగానే వరంగల్ రవాణా ప్రణాళిక పరిధిని తిరిగి గీయాలి. ఇకముందు ప్రతి జనగణన తర్వాతా ఆ పని తప్పనిసరిగా జరిగేటట్టు ప్రభుత్వం ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలి. మేము కోరేది ఇదే.

హద్దు ఎక్కడుంటే ఏమిటని అడిగేవారు మిర్చి సీజన్లో ఒకసారి ఏనుమాముల మార్కెట్ రోడ్డు చూస్తే చాలు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి బస్తాలు వేసుకొచ్చిన ట్రాక్టర్లు, డీసీఎంలు, ట్రాలీ ఆటోలు గేటు ముందు బారులు తీరుతాయి. వాటి సందుల్లోంచే బడిపిల్లల ఆటోలు, ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సులు దారి వెతుక్కుంటాయి. ఆ బండ్లు బయల్దేరిన ఊళ్లు నగరం గీతకు అవతల ఉన్నాయి, ఇబ్బంది మాత్రం గీతకు ఇవతల. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుది దీనికి తలకిందుల పరిస్థితి. అక్కడ ఉపాధి నగరం గీతకు అవతల ఉంది, పనికి వెళ్లేవాళ్లలో చాలామంది ఇవతలివాళ్లు. షిఫ్టు దిగిన ఆడపిల్ల ఇంటికి చేరాలంటే బస్సు ఆర్టీసీది, పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌ది, నగరంలోకి వచ్చాక వీధి దీపం కార్పొరేషన్‌ది. ఆమె ప్రయాణం మొత్తాన్ని ఒక్కటిగా చూసే కార్యాలయం ఒక్కటీ లేదు. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. కాజీపేటలో రైల్వే తయారీ కర్మాగారానికి 2023 జూలైలో శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ నడక మొదలుపెట్టాక రోడ్ల మీద పడే బరువును ఇప్పుడున్న విడివిడి హద్దుల్లో కూర్చుని అంచనా వేయలేం.

రాజ్యాంగం ఈ అవసరాన్ని ఎప్పుడో గుర్తించింది. 74వ సవరణతో వచ్చిన 243పి అధికరణం ప్రకారం పది లక్షలు, ఆపైన జనాభా ఉండి, రెండు లేదా అంతకు మించిన పురపాలికలు, పంచాయతీలు, ఆనుకుని ఉన్న ప్రాంతాలతో కూడినదాన్ని గవర్నరు మహానగర ప్రాంతంగా ప్రకటించవచ్చు. అది ఒకే జిల్లాలో ఉండనక్కర్లేదు. మన నగరం హనుమకొండ, వరంగల్ జిల్లాల మధ్య చీలి ఉంది కాబట్టి ఈ మాట మనకు ప్రాణం వంటిది. అయితే జనాభా అంటే చివరిసారి ప్రచురితమైన జనగణన అంకె మాత్రమేనని కూడా అదే అధికరణం చెబుతుంది. 2011లో వరంగల్ పట్టణ సముదాయం ఏడున్నర లక్షలు దాటింది, పది లక్షలకు చేరలేదు. దాని ఫలితం మామూలుది కాదు. 15వ ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన పట్టణ సముదాయాలకు వేరుగా నిధులు పెట్టినప్పుడు తెలంగాణ నుంచి హైదరాబాదు ఒక్కటే జాబితాకెక్కింది. 2023లో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలోనూ నగరాల అర్హతకు 2011 జనాభాయే కొలబద్ద. ఇక్కడొక చిక్కుముడి ఉంది. ఎంతమంది ఉన్నామన్నది గీత ఎక్కడ గీశామన్న దాన్ని బట్టి తేలుతుంది. గీత ఎక్కడ గీయాలన్నది ఎంతమంది ఉన్నామన్న దాన్ని బట్టి నడుస్తోంది. ముందు గీత గీసే పద్ధతి తేల్చుకోకపోతే కొత్త జనగణన వచ్చినా మనం అక్కడే ఉంటాం.

ఆ పద్ధతికి ఆధారం జనం రోజువారీ రాకపోకలు. 2011 జనగణనలో వ్యవసాయేతర పనివారిని ఎంత దూరం వెళ్తున్నారు, నడిచా, సైకిలుపైనా, బస్సులోనా అని అడిగారు. ఆ వివరాలు పట్టికలుగా వచ్చాయి కూడా. కానీ అప్పటి వరంగల్ జిల్లా జనగామ నుంచి ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డు దాకా పరుచుకుని ఉంది. అంత పెద్ద జిల్లా మొత్తానికి తీసిన లెక్క హసన్‌పర్తి నుంచి వరంగల్ చౌరస్తాకు ఎందరు వస్తున్నారో చెప్పదు. అందుకే వార్డుల వారీగా, గ్రామాల వారీగా జనాభాను జనగణన నుంచి తీసుకుని, దానికి ఆర్టీసీ టికెట్ల లెక్కను, ఏనుమాముల మార్కెట్ గేటు నమోదులను, నగరానికి వచ్చే ప్రధాన దారుల మీద వాహనాల లెక్కింపును జోడించాలి. పనికీ చదువుకీ వైద్యానికీ సరుకు అమ్మకానికీ రోజూ నగరంతో ముడిపడిన ఊరు ఏ జిల్లాలో ఉన్నా పరిధిలోకి రావాలి. అలా ముడిపడని ఊరు పక్కనే ఉన్నా రానక్కర్లేదు.

ఇలాంటి నియమం ఎక్కడా లేనిదేమీ కాదు. అమెరికాలో 1962 రహదారుల చట్టం నాటి నుంచి 50 వేల జనాభా దాటిన పట్టణ ప్రాంతాలన్నిటికీ ఉమ్మడి రవాణా ప్రణాళిక తప్పనిసరి. ప్రతి పదేళ్ల జనగణన తర్వాత ఆ పరిధిని సమీక్షించి తీరాలి, వచ్చే ఇరవై ఏళ్లలో పట్టణంగా మారబోయే భూమి కూడా అందులో ఉండాలి. అక్కడి పద్ధతులన్నీ మనకు సరిపడకపోవచ్చు గానీ, సమీక్ష అధికారుల ఇష్టానికి వదిలేయకపోవడం నేర్చుకోదగింది. అంత దూరం ఎందుకు, మన ప్రభుత్వమే 2025లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధిని పది వేల చదరపు కిలోమీటర్లు దాటించింది. అదే ఏడాది చివర్లో, జనగణన కోసం హద్దులు స్తంభించకముందే, చుట్టూ ఉన్న 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపింది. రాజధానికి చూపిన శ్రద్ధను రెండో పెద్ద నగరం అడగడంలో తప్పులేదు.

ఇక అభ్యంతరాల సంగతి. అన్నిటికన్నా బరువైనది గ్రామాల నుంచి వచ్చేది, దాన్ని కొట్టిపారేయడం అన్యాయం. 2013లో కలిసిన ఊళ్లకు ఉపాధి హామీ పనులు పోయాయి, పన్నులు మాత్రం వచ్చాయి. 2022లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 27 గ్రామాల్లో 21 వేలకు పైగా ఎకరాలు సమీకరిస్తామని నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రైతులు రోడ్డెక్కారు, చివరికి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. హద్దు అన్న మాట వినగానే పొలం గుర్తొచ్చే పరిస్థితి ప్రభుత్వాలు తెచ్చిపెట్టిందే. కాబట్టి మేము అడిగేదేమిటో విడమరచి చెబుతున్నాం. రవాణా ప్రణాళిక పరిధిలోకి వచ్చినంత మాత్రాన ఊరు కార్పొరేషన్‌లో కలవదు, పంచాయతీ పోదు, ఇంటిపన్ను మారదు. ఈ పరిధి ఆధారంగా భూసేకరణకు గానీ భూసమీకరణకు గానీ ఏ అధికారమూ పుట్టదని ఉత్తర్వులోనే రాయాలి. అది రాయకుండా ఉత్తర్వు వస్తే మేమే ముందు వ్యతిరేకిస్తాం. పైగా ఈ పరిధిని మహానగర ప్రాంతంగా ప్రకటిస్తే, రాజ్యాంగంలోని 243జడ్‌ఈ అధికరణం ప్రకారం ఏర్పడే మహానగర ప్రణాళిక సంఘంలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా సభ్యులను పురపాలికల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలి. ఈ రోజు ఊరి మీదుగా రోడ్డు ఎటు పోవాలో నిర్ణయించే గదిలో సర్పంచికి కుర్చీ లేదు. ఈ సంఘం వస్తే ఆ కుర్చీ హక్కుగా దొరుకుతుంది.

కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) ఉండగా, 2041 మాస్టర్ ప్లాన్ ఉండగా మళ్లీ ఇదెందుకని కొందరంటారు. 'కుడా' పరిధి సుమారు 1,805 చదరపు కిలోమీటర్లు, 181 గ్రామాలు, మూడు జిల్లాలు. మంచి పునాదే. కానీ మాస్టర్ ప్లాన్ ప్రధానంగా భూమి వాడకాన్ని చూస్తుంది, బస్సు వేళల్ని కాదు. దానికి దొరికిన జనగణన కూడా 2011 నాటిదే. పైగా 1971 నాటి ప్లానుకు కాలం చెల్లాక దశాబ్దాల పాటు దానితోనే నెట్టుకొచ్చిన నగరం మనది. సమీక్షకు గడువు పెట్టకపోతే ఏమవుతుందో ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు. జనగణన వివరాలన్నీ వచ్చేదాకా ఆగుదామన్న వాదనలో కొంత నిజం ఉంది, ప్రయాణ వివరాల వంటి పట్టికలు రావడానికి ఏళ్లు పడతాయి. జనాభా మొత్తాలు మాత్రం ముందే వస్తాయి. వాటితో తాత్కాలిక పరిధి ప్రకటించి, వివరాలు వచ్చాక సరిదిద్దుకోవచ్చు. హద్దులు స్తంభించి ఉన్నాయన్నది కూడా అడ్డంకి కాదు. స్తంభించినవి జిల్లా, మండల, గ్రామ, వార్డు హద్దులు. ఊళ్లను చీల్చకుండా మొత్తంగా తీసుకుని గీసే ప్రణాళిక పరిధి వాటిలో దేన్నీ కదిలించదు.

జనాభా అంకెలు ప్రచురితమైన ఆరు నెలల్లోగా పరిధి ముసాయిదా తెలుగులో, పటంతో సహా ప్రతి పంచాయతీ కార్యాలయంలోనూ ప్రతి వార్డులోనూ అంటించాలి. గ్రామసభల అభిప్రాయం తీసుకున్నాకే ఖరారు చేయాలి. కార్పొరేషన్, కుడా, ఆర్టీసీ, ఆర్ అండ్ బీ, జాతీయ రహదారుల సంస్థ, రైల్వే ఒకే బల్ల దగ్గర కూర్చునే ఉమ్మడి రవాణా సంస్థను ఆ పరిధికి ఏర్పాటు చేయాలి. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం పది లక్షలు దాటిన నగరాలకు సూచించిందీ అదే. 2025 డిసెంబరులో ఎన్నికైన సర్పంచులు వచ్చే గ్రామసభలోనే ఈ మేరకు తీర్మానం పెట్టాలని, నగరంలోని కాలనీ సంఘాలు తమ తీర్మానాలను కుడా కార్యాలయానికి, పురపాలక శాఖకు పంపాలని కోరుతున్నాం. తీర్మానంలో మీ ఊరి నుంచి రోజూ నగరానికి ఎందరు వెళ్తున్నారో, ఏ వేళకు బస్సు లేదో, ఏ మలుపు దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయో తప్పక రాయండి. ముసాయిదా గీసేవారి ముందు ఉండాల్సిన మొదటి కాగితాలు అవే.