ఎండ అందరిది, ప్యానెళ్లు కొందరివి

2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇంటి పైకప్పు సోలార్ పథకాన్ని ప్రారంభించారు. మన ప్రాంతానికి ఇది మంచి వార్తే. బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు వైపు వానకు కరువు గాని ఎండకు కరువెక్కడిది? రెండు కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు సుమారు 240 యూనిట్లు ఇస్తాయి. ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ ఉన్న ఇంటికి అది చాలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకు కేంద్రం రూ.60 వేల రాయితీ ఇస్తోంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకైతే ఉచితంగానే బిగిస్తామన్నారు. బీసీలకు కేంద్ర రాయితీపై మరికొంత కలుపుతామన్నారు.

మన సంఘాలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, మనకు సడలించలేదు. రాష్ట్రం మనవారిని బీసీ-సీలో ఉంచింది. అంటే ఒకే పేటలో పక్కపక్కన ఉంటున్న అన్నదమ్ముల్లో అన్న మిద్దెపై ప్యానెళ్లు ఉచితం; బాప్తిస్మం పొంది బీసీ-సీ పత్రం తీసుకున్న తమ్ముడు రాయితీ పోను మిగతా సొమ్ము తానే పెట్టుకోవాలి. కూలికి పోయే ఇంట్లో ఆ సొమ్ము అప్పుగానే వస్తుంది. కాగితంలో ఒక మతం, ఆదివారం ఒక మతం అనే బ్రదుకు మనవారికి ఎందుకు తప్పడం లేదో ఇలాంటి లెక్కల్లోనే తెలుస్తుంది. కాపరులు దాన్ని గద్దించి సరిచేయలేరు. కొండమీద ప్రసంగంలో ప్రభువు చెప్పిన సూర్యుడు కుల ధ్రువీకరణ పత్రం అడగడు, పథకం అడుగుతుంది.

కులం ఒక్కటే అడ్డు కాదు. అద్దె ఇంట్లో ఉన్నవారికి మిద్దె తమది కాదు. మీటరు ఇంకా చనిపోయిన మామగారి పేరు మీదే ఉంటే దరఖాస్తు ముందుకు సాగదు.

ప్యానెళ్లు వచ్చినంత మాత్రాన వాడకం తగ్గుతుందనీ అనుకోలేం. పగటి కరెంటు లైనులోకి పోతుంది. రాత్రి మనం వాడే దానిలో ఎక్కువ భాగం నేటికీ బొగ్గు కరెంటే. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యమే 1,650 మెగావాట్లు. రాత్రంతా జరిగే ఆరాధనలకు పెద్ద స్పీకర్లు, ఏసీలు కొనే సంఘాలు ఈ సంగతి మరువరాదు. సోలార్ మోటార్ల విషయమూ అంతే. బిల్లు లేదని ఎండ ఉన్నంతసేపు మోటారు ఆడిస్తే, ఉచిత కరెంటు కింద ఇప్పటికే అడుగంటిన మన బోర్లు ఇంకా త్వరగా ఎండుతాయి.

మందిరం మిద్దెపై ప్యానెళ్లు వేయాలనుకునేవారికి ఒక మాట. సూర్యఘర్ రాయితీ ఇళ్లకే, మందిరాలకు కాదు. ఖర్చంతా కానుకల నుండే రావాలి. ఆ సొమ్ముతో ముందు సంఘంలోని విధవరాండ్ర మీటర్లు వారి పేరుకు మార్పించి, వారి వాటా కట్టడం మేలని నా అభిప్రాయం. పేరు మార్పుకు ఏ కాగితాలు కావాలో ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగితే చెబుతారు.