లోపలి కొలత – వెలుపలి కొలత

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి కాలువ నీటి తగవు క్రొత్తది కాదు. ప్రకాశం బ్యారేజి కడ కాలువ గేట్ల నెత్తించిన యుద్యోగి తన లెక్కల పుస్తకము చూచి "నీరు నిండుగా వదలితిమి" అనును. కాలువ చివరి రైతు తన చేను చూచి "నీరు రాలేదు" అనును. ఇరువురును సత్యమే పలుకుచుందురు. లోపము నడుమ నెక్కడనో యుండును. ఒక్కరి మాటయే వినువాడు దానిని కనుగొనజాలడు. గడచిన సంవత్సరము కంప్యూటరు గదిలో నేను నేర్చిన పాఠమును ఇట్టిదే.

విషయము తెలియనివారికై రెండు మాటలు చెప్పెదను. హైపర్‌వైజరు అను సాఫ్ట్‌వేరు ఒక్క కంప్యూటరును పలు భాగములుగా పంచును. ప్రతి భాగమును తానే సంపూర్ణమైన కంప్యూటరైనట్లు నడచును. దీనినే వర్చువల్ మెషీను అందురు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 పేర నిట్టి యేర్పాటును వెలువరించెను. 2007లో కె.వి.ఎం. లినక్సులో చేరిన పిదప ఈ వసతి వెల లేకయే చిన్న పాఠశాలలకును అందినది. మన మంగళగిరిలో వెలసిన పై డేటా సెంటరువంటి చోట్ల కొలదిపాటి యంత్రములతో పెక్కుమందికి సేవ చేయగలుగుటకు ఇట్టి పంపకమే మూలము.

మా గదిలోని సర్వరునకు 4 ప్రాసెసరు కోర్లు కలవు. దానిపై 8 వర్చువల్ మెషీన్లను నెలకొల్పి, ఒక్కొక్కదానికి రెండేసి కోర్లున్నట్లు చూపితిమి. అనగా నాలుగింటిని పదునారుగా లెక్కకు తెచ్చితిమి. ఒక విద్యార్థి ప్రోగ్రాము అతని మిత్రుని ప్రోగ్రాముకంటె దాదాపు మూడింతల కాలము తీసికొనెను. వ్రాసిన తీరు బాగులేదని తలచి మార్కులు తగ్గించితిని. మరునాడు ఆ బాలుడు నోటు పుస్తకము తెచ్చి, "అయ్యవారూ, నిన్న టాప్ వరుసలో చివర ఎస్.టి. అనుచోట 65 అని యుండెను. అది యేమి?" అని వినయముతో నడిగెను.

ఆ యంకెను నేనును చూచితిని, చూచియు చదువలేదు. మెషీను పనికి సిద్ధముగా నుండగా, హైపర్‌వైజరు దాని వంతు కోరును ఇతరుల కిచ్చిన కాలమే ఎస్.టి. అనగా నూటికి 65 పాళ్లు ఆ బాలుని కాలము పరులపాలైనది. అతని మిత్రుడు గది ఖాళీగా నున్న ఉదయవేళ పని ముగించుకొనెను. మార్కులు మరల నిచ్చి, తరగతి యెదుటనే నా తప్పు నొప్పుకొంటిని.

కావున ఈ పరికరములను పోల్చువారు "ఏది గొప్పది?" అని యడుగుటకు ముందు "అది యెచ్చట నిలిచి చూచుచున్నది?" అని యడుగవలెను. టాప్, వి.ఎం.స్టాట్ అనునవి మెషీను లోపల నిలిచి చూచును. ఏ ప్రోగ్రాము కాలమును తినుచున్నదో వానికి తెలియును. పొరుగున నేమి జరుగుచున్నదో తెలియదు. విర్ట్-టాప్, వి.ఎం.వేర్ వారి ఇ.ఎస్.ఎక్స్.టాప్ వెలుపలినుండి చూచును. ఏ మెషీను ఎంత వాడుకొనుచున్నదో చెప్పును. దాని లోపలి కష్టసుఖములు చెప్పజాలవు. జాబిక్స్, ప్రొమీథియస్ వంటివి రెండు వైపుల లెక్కలను చేర్చి దినముల తరబడి దాచును. అయినను ఏర్పరచిన కొలతలనే అవి సేకరించును.

సగటును గూర్చియు ఒక మాట. 5 నిమిషములలో 30 సెకనులు ప్రాసెసరు నూటికి 100 వంతున, మిగిలిన 270 సెకనులు నూటికి 10 వంతున పనిచేసెననుకొందము. సగటు 19 మాత్రమే వచ్చును. ఆ 19 చూచి మనము "అంతయు క్షేమము" అందుము. కదలని తెర యెదుట ఆ 30 సెకనులు కూర్చున్న విద్యార్థికి మాత్రము క్షేమము లేదు. కొలతకును కొలతకును నడుమ ఎడము తగ్గించిన నిది బయటపడును. మిక్కిలి తగ్గించినచో కొలుచుటయే యంత్రమునకు భారమగును.

వెలగల పరికరము, రంగురంగుల పటములు ఉన్నచో ఈ పొరపాటు జరిగెడిది కాదని కొందరు మిత్రులు నాతో ననిరి. నే నంగీకరింపను. వెల లేని పరికరమే సత్యము చూపినది. చదువుటలో లోపము నాది. మాబోటి పాఠశాలకు టాప్, విర్ట్-టాప్ రెంటిని ఒకే వేళ ప్రక్కప్రక్కన తెరచి చూచు నలవాటు చాలును. మెషీన్లు పెరిగిన నాడు ప్రొమీథియస్ గూర్చి యోచింపవచ్చును.

తల్లిదండ్రులారా, మీ బిడ్డల కంప్యూటరు అభ్యాసపు మార్కుల పట్టికలో ఈ సంవత్సరము మూడు క్రొత్త గడులు కాననగును. పని జరిగిన వేళ, మెషీను సంఖ్య, ఎస్.టి. అంకె అందు వ్రాయుదుము. మార్కు తక్కువయైనచో బిడ్డను మందలించుటకు ముందు ఆ గడులను చదువుడు. సందేహమున్న నన్నడుగుడు.